ఆగుదాం గారి మూడో కొమ్మ

ఆగుదాం గారికి ఒకే ఒక్క జబ్బు ఉంది. ఎవరినైనా ఏదైనా అడిగితే, జవాబు వచ్చేదాకా ఆగుతారు.

ఇందులో వింతేముంది, అడిగినవాళ్ళు ఆగరా అని మీరనవచ్చు. ఆగరు. లోకంలో ఎక్కువమంది "బాగున్నారా?" అని అడిగి, అవతలివాడు బాగున్నాడో లేదో తేలకముందే వీధి మలుపు తిరిగిపోతారు. ఆగుదాం గారు మాత్రం "బాగున్నారా?" అని అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త పక్కకి వాల్చి, అక్కడే నిలబడిపోతారు. అవతలి మనిషి "ఆఁ, ఆఁ" అంటూ నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే, ఈయన అదే ముఖంతో ఇంకా అక్కడే ఉంటారు. ఆ మనిషికి తానేదో తప్పు చేసినట్టనిపిస్తుంది. తిరిగొచ్చి, "నిజం చెప్పాలంటే మోకాలు నొప్పిగా ఉందండీ" అంటాడు. ఆ కబురు మోకాలితో మొదలై బావమరిది దాకా పోతుంది. ఆ వీధిలో ఎవరి బావమరిది ఎలాంటివాడో ఆయనకి తెలిసినంతగా పోలీసులకి కూడా తెలియదు. ఆయన ఎవరి దగ్గరా కూపీ లాగలేదు. ఊరికే నిలబడ్డారు, అంతే.

ఎవరైనా మాట కోసం వెతుక్కుంటూ ఉండగా పక్కవాళ్ళు అందివ్వబోతే, చెయ్యి మెల్లగా పైకెత్తి "ఆగుదాం" అంటారు. ఆఫీసులో ఆ మాటే ఆయనకి పేరైపోయింది.

మందుల దుకాణం మేడమీద, ఇరుకు మెట్లెక్కి వెళ్తే వచ్చే ఆ ఆఫీసులో కంప్యూటరు ఆటలు తయారుచేస్తారు. కత్తులు, తుపాకులు ఉండని ఆటలవి. ఆటలోని మనుషులు ఏదో అడుగుతారు. ఆడేవాళ్ళకి తెరమీద రెండు జవాబులు కనిపిస్తాయి. ఒకటి నొక్కితే కథ ఒక దారిన పోతుంది, రెండోది నొక్కితే ఇంకో దారిన పోతుంది. అలా ఒక ప్రశ్నకి రెండు కొమ్మలు, ఆ కొమ్మలకి మళ్ళీ కొమ్మలు లేచి, చివరికి మాటలతో పెద్ద చెట్టు తయారవుతుంది. ఆ చెట్టు కట్టే పనిముట్టును ఆగుదాం గారే సొంతంగా తయారుచేశారు. దాని పేరు కూడా 'కొమ్మ'.

ఆ ఆఫీసులో మాటలు రాసే ఉద్యోగానికి కొత్తగా చేరిన అమ్మాయికి వారం తిరక్కుండానే గడగడమ్మ అని పేరు పడింది. ఆ పేరు ఊరికే రాలేదు. ఎదుటివాళ్ళ వాక్యాన్ని వాళ్ళకంటే ముందే పూర్తిచేయడం ఆమెకి పుట్టుకతో వచ్చిన విద్య. డాక్టరు దగ్గరికి వెళ్తే డాక్టరు చెప్పాల్సింది తనే చెప్పి, మందు కూడా తనే చెప్పి, ఆయనకి సంతకం మాత్రం మిగులుస్తుంది. ఆమెను తీసుకొచ్చి ఆగుదాం గారి పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు మేనేజరు. కావాలని చేసిన పని కాదు, ఆఫీసులో ఖాళీగా ఉన్న కుర్చీ అదొక్కటే.

మొదటిరోజు ఆయన 'కొమ్మ'ను తెరిచి చూపించారు. నల్లటి తెర, మూలన మిణుకుమిణుకుమంటూ చిన్న గీత. అంతే.

"ఇదేంటి సార్, బొమ్మలేవీ? ఇంకో ఆఫీసులో అయితే రంగురంగుల గళ్ళు, బాణం గుర్తులు, మౌసుతో పట్టుకుని లాగితే..."

"ఇందులో ఉండవమ్మా."

"పోనీ, నొక్కడానికి బొత్తాలు?"

"అవీ ఉండవు. మీరు రాసుకుంటూ పోండి. రాశాక ఇక్కడ 'కొమ్మ' అని కొట్టండి. అది మీరు రాసిందంతా చదివి చెప్తుంది."

"ఏం చెప్తుంది?"

ఆగుదాం గారు కాసేపు ఆలోచించారు. "మీరెవరిని మర్చిపోయారో చెప్తుంది" అన్నారు.

అప్పుడు తయారవుతున్న ఆట ఒక పెద్ద పడవ మీద నడుస్తుంది. నది మధ్యలో పొగమంచు. ఇంజను తాళంచెవి ఎవరో నీళ్ళలో పారేశారు. ఎవరు పారేశారో కొత్తగా వచ్చిన ఆఫీసరు ప్రయాణికులందరితో మాట్లాడి తెలుసుకోవాలి. ఆ ఆఫీసరే ఆట ఆడే మనిషి. గడగడమ్మ చకచకా మొదలుపెట్టింది. కెప్టెను "కొత్త ఆఫీసరువి నువ్వేనా?" అని అడుగుతాడు. ఒక జవాబు "అవును", రెండో జవాబు "నన్ను చూస్తే అలా అనిపించడం లేదా?". రెండు కొమ్మలూ రాసి, ధీమాగా 'కొమ్మ' అని కొట్టింది. నల్లతెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"కెప్టెను అడిగాడు. అవతలి మనిషి ఏమీ అనలేదు. ఇప్పుడు కెప్టెను ఏం చేస్తాడు?"

"ఏమీ అనకపోవడమేంటి సార్? ఆడేవాళ్ళు రెండిట్లో ఏదో ఒకటి నొక్కుతారు కదా!"

"నొక్కకపోతే?"

"ఎందుకు నొక్కరు? డబ్బులిచ్చి కొనుక్కుని, ఆట పెట్టుకుని, ఎదురుగా కూర్చుని, నొక్కకుండా ఏం చేస్తారు? నిద్రపోతారా? నిద్రొస్తే ఆట ఆపేసి పడుకుంటారు. ఫోనొస్తే మాట్లాడి వచ్చి నొక్కుతారు. అంతే కదా సార్?"

ఆయన తల పక్కకి వాల్చి వింటున్నారు. ఆమె మాటలు అయిపోయాక కూడా వింటూనే ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో గోడమీది ఫ్యాను తిరుగుతున్న చప్పుడు పెద్దగా వినిపించింది. ఆ చప్పుడు భరించలేక గడగడమ్మ, "సరే, రాస్తాను" అంది. వాదనలో ఓడిపోవడం ఆమెకి కొత్త. అవతలివాళ్ళు వాదించకుండానే తను ఓడిపోవడం మరీ కొత్త.

ఇదే ఆయన మూడో కొమ్మ. ప్రతి ప్రశ్నకీ ఉండి తీరాల్సిందే. ఆడే మనిషి ఏమీ నొక్కకుండా కాసేపు ఊరుకుంటే, ఆటలోని మనిషి ఏమంటాడో, ఏం చేస్తాడో రాసి పెట్టాలి. అది రాయనిదే 'కొమ్మ' చెట్టును నిలబెట్టదు. పోనీ అని గడగడమ్మ అందరికీ "ఏంటి, మాట్లాడవు?" అని ఒకే మాట అతికించింది. తెర ఏమాత్రం కోప్పడకుండా, "ఈ మాట కెప్టెను ముందే అన్నాడు. వంటావిడ వేరే మనిషి కదా?" అంది.

ఇంకా దారుణం, పడవలో ఒక ముసలమ్మ దగ్గర చిలక ఉంది. చిలక "ఎవరు నువ్వు?" అంటుంది. దానికీ మూడో కొమ్మ కావాలట.

"సార్, అది చిలక!"

"అవునమ్మా."

"చిలక అడిగితే మనిషి మాట్లాడకపోతే చిలకకేంటి బాధ?"

"అడిగింది కదమ్మా," అన్నారాయన గంభీరంగా.

ఇంటికెళ్ళి అత్తగారి దగ్గర ఏకరువు పెట్టింది గడగడమ్మ. అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతూ వింటోంది.

"చూడండత్తయ్యా, ఎవరూ చూడని మాటలు పొద్దస్తమానం రాయిస్తాడాయన. ఏమన్నా అందామంటే కళ్ళప్పగించి చూస్తాడు. అసలు ఏదైనా అడిగితే అలా కదలకుండా ఆగే మనిషిని మీరెక్కడైనా చూశారా? చూసుండరు లెండి."

"నేను..."

"చూసుండరని నాకు తెలుసత్తయ్యా. ఉంటేగా చూడటానికి!"

అత్తగారు దుప్పటి అంచులు కలుపుతూ, "ఆయన్ని ఓసారి మన ఇంటికి పిలవవే. ఈ ఇంట్లో నన్నొక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగిన మనిషిని చూసి ఎన్నేళ్ళయిందో" అంది. గడగడమ్మ అది కూడా సగమే విని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మేనేజరు కూడా ఒకసారి ప్రయత్నించాడు పాపం. అంతకుముందు చేసిన ఆటలు అమ్ముడుపోక ఆఫీసు అద్దె కట్టడమే కష్టంగా ఉన్న రోజులవి. ఈ మూడో కొమ్మలు తీసేస్తే పని త్వరగా తెములుతుందని అతని లెక్క. మనసు రాయి చేసుకుని ఆగుదాం గారి ముందు నిలబడ్డాడు.

"ఆ రూలు తీసేద్దామండీ."

"తీసేస్తే వాళ్ళేం చేస్తారు?"

"ఎవరు?"

"ఏమీ అనలేనివాళ్ళు."

అడిగి, ఆగారు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. కిటికీలోంచి చూశాడు. "అంటే, తీసేయమని కాదు, కొంచెం తగ్గిద్దామని" అన్నాడు. ఆయన ఇంకా ఆగుతున్నారు. "తగ్గించడం కూడా ఏం బాగుంటుందిలెండి" అన్నాడు. ఆయన ఆగుతూనే ఉన్నారు. "మీ కుర్చీ చెయ్యి విరిగినట్టుందే, కొత్తది తెప్పిస్తాను" అని చెప్పి బయటపడ్డాడు. కొత్త కుర్చీ వచ్చింది. ఆ ఆఫీసు చరిత్రలో కుర్చీ మాటెత్తకుండానే కుర్చీ సంపాదించిన మనిషి ఆయనొక్కరే.

ఇక లాభం లేదని గడగడమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. 'కొమ్మ' మూడో దారి ఉందా లేదా అని చూస్తుంది. ఉన్న మాట ఇంకొకరు అన్నదేనా అని చూస్తుంది. అంతకు మించి దానికి ఏం తెలుస్తుంది? పరీక్షకి ఆడేవాళ్ళందరూ టకటకా నొక్కేవాళ్ళే. మూడో కొమ్మ మొహం చూసినవాడు ఇంతవరకూ లేడు. అలాంటప్పుడు అక్కడ ఏముంటే ఏం?

ఆ రోజు నుంచి ఆమె మూడో కొమ్మల్లో తన కడుపుమంటంతా కక్కేసింది. ఆడేవాళ్ళు ఊరుకుంటే కెప్టెను "ఏంటయ్యా, మా ఆఫీసులో పెద్దాయనలాగా గుడ్లు మిటకరిస్తావు?" అంటాడు. వంటావిడ "ఎవరూ చూడరని తెలిసి కూడా ఈ మాటలు రాయించే మనిషిని తీసుకెళ్ళి ఉల్లిపాయలు తరగడానికి కూర్చోబెట్టాలి" అంటుంది. పడవలో ఉన్న డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "నాడి ఆడుతోంది, నోరు ఆడటం లేదు. ఇది అంటురోగం. మా ఆఫీసులో ఒకాయన దగ్గర మొదలైంది" అంటాడు. ఇక చిలక రెక్కలు టపటపా కొట్టి, "ఉలకడు, పలకడు, వదలడు!" అంటుంది. నిజం చెప్పుకోవాలంటే ఆ ఆటలో ఆమె మనసుపెట్టి రాసిన మాటలు ఇవే. 'కొమ్మ' ఒక్కొక్కటీ శ్రద్ధగా చదివి, ప్రతిసారీ "చెట్టు నిలబడింది" అని చెప్పింది. గడగడమ్మ పక్కకి తిరిగి నవ్వుకునేది. పక్క కుర్చీలో ఆగుదాం గారు తన పని తాను చూసుకునేవారు. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినా ఆయన లేచేవారు కాదు. మెతుకులు కూడా జవాబు చెప్పేదాకా ఆగి తింటారేమోనని ఆఫీసులో అనుకునేవారు.

ఆట పూర్తయింది. రాసిన చెట్టంతా కట్టి ఆటలోకి ఎక్కించడం ఆగుదాం గారి పని. ఎక్కించారు. దాన్ని కొనే కంపెనీ నుంచి ఒక పెద్దావిడ చూడటానికి వచ్చింది. అంతకుముందు రోజు మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పేశాడు. ఆవిడ కొంటే ఆఫీసు ఉంటుంది. కొనకపోతే తాళం పడుతుంది. గడగడమ్మతో విడిగా, "ఆట నచ్చితే నీ ఉద్యోగం ఖాయమైపోతుందమ్మా" అని కూడా అన్నాడు.

పెద్దావిడ తెర ముందు కూర్చుంది. వెనక అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పొగమంచు, పడవ, అలల చప్పుడు. కెప్టెను వచ్చాడు. "కొత్త ఆఫీసరువి నువ్వేనా?"

పెద్దావిడ రెండు జవాబులూ చదివింది. కళ్ళజోడు సర్దుకుంది. మళ్ళీ చదివింది. నొక్కలేదు.

అప్పుడు గుర్తొచ్చింది గడగడమ్మకి. ఆ మూడో కొమ్మ చివర ఏముందో ఈ లోకంలో తనొక్కదానికే తెలుసు. ఇంకాసేపట్లో కెప్టెను నోటివెంట ఆ మాట వస్తుంది. తర్వాత వంటావిడ, తర్వాత డాక్టరు. అందులో 'ఆఫీసు' అనీ 'పెద్దాయన' అనీ ఎన్ని చోట్ల రాసిందో!

"నొక్కండమ్మా, మొదటిది నొక్కండి, అదే బాగుంటుంది, అవును అంటే సరిపోతుంది కదా, లేకపోతే నేనే నొక్కు..." అంటూ గడగడమ్మ మీదికి వంగింది.

ఆగుదాం గారి చెయ్యి మెల్లగా లేచింది. "ఆగుదాం" అన్నారాయన.

గడగడమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇన్నాళ్ళూ ఎవరి మాట కోసమూ ఆగని మనిషి, ఆ కెప్టెను నోరు ఎప్పటికీ తెరుచుకోకుంటే బాగుండునని మొక్కుకుంది.

కెప్టెను నోరు విప్పాడు. "పొగమంచులో వచ్చావు, అలిసిపోయుంటావు. నీ పెట్టె ఇలా ఇవ్వు. పేరు మెల్లగా చెబుదువుగాని."

గడగడమ్మ కళ్ళు తెరిచింది. ఆ మాట తను రాయలేదు.

పెద్దావిడ తెరకేసి కాస్త ముందుకి జరిగింది. వంటావిడ దగ్గరికి వెళ్ళింది. అక్కడా ఏమీ నొక్కలేదు. వంటావిడ ఉల్లిపాయలు తరుగుతూ, "మాట్లాడకపోతే మానె, ఆ పక్కనున్న మూత ఇలా అందుకో" అంది. డాక్టరు నాడి చూసి, "జ్వరమేమీ లేదు. మాట వచ్చినప్పుడే వస్తుంది, దానికి మందెందుకు?" అన్నాడు. పడవంతా తిరిగింది పెద్దావిడ. చెత్త ఊడ్చేవాడు, పడవ పక్కన కట్టిన చిన్న బోటులో నిద్రపోయే ముసలాయన, ఎవరూ పలకరించని మూల గదిలోని లెక్కల గుమస్తా. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా ఆమె మౌనానికి చోటిచ్చారు. ఒకరన్న మాట ఇంకొకరు అనలేదు. గడగడమ్మ పక్కకి తిరిగి ఆగుదాం గారికేసి చూసింది. అన్నేసి మాటలు రాయాలంటే ఎన్ని మధ్యాహ్నాలు పడతాయో రాసేవాళ్ళకే తెలుస్తుంది.

చివరికి చిలక దగ్గరికి వచ్చింది. "ఎవరు నువ్వు?" అంది చిలక. పెద్దావిడ ఊరుకుంది. చిలక రెక్కలు టపటపా కొట్టి, "ఉలకడు, పలకడు, వదలడు!" అని అరిచింది.

పెద్దావిడ భుజాలు కదిలాయి. తర్వాత గట్టిగా, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. "మా ఇంట్లో వాళ్ళందరూ నన్ను ఇదే అంటారు" అని కళ్ళజోడు తుడుచుకుంది. "నాకు ఏ మాటైనా తేల్చుకోవడానికి టైం పడుతుంది. ఈ ఆటలన్నీ నన్ను తొందరపెడతాయి, లేకపోతే వాటంతటవే ముందుకెళ్ళిపోతాయి. నాకోసం ఆగిన ఆటను చూడటం ఇదే మొదటిసారి. ఈ మాటలు రాసిందెవరు?"

మేనేజరు సంతోషంగా గడగడమ్మని ముందుకి తోశాడు. "ఈ అమ్మాయేనండీ."

"అవునండీ, ఆవిడే" అన్నారు ఆగుదాం గారు కిటికీకేసి చూస్తూ.

గడగడమ్మకి మాట రాలేదు. ఉద్యోగం చేతికందే దూరంలో ఉంది. ఊరుకుంటే చాలు. పెద్దావిడ తొందరపెట్టలేదు, ఆగుదాం గారూ తొందరపెట్టలేదు. చివరికి మాట వచ్చింది. దాన్ని మధ్యలో ఎవరూ అందుకోలేదు.

"చిలక మాట ఒక్కటే నాదండీ. మిగతావన్నీ సారువి. నేను రాసినవి... చదవడానికి బాగుండవు. సారు తీసేసి, మళ్ళీ రాశారు."

"చిలక మాట ఎవరిమీద రాశావు?" అంది పెద్దావిడ.

ఫ్యాను చప్పుడు మళ్ళీ వినిపించింది. "నామీదేనండీ" అన్నారు ఆగుదాం గారు. ఆవిడ మళ్ళీ నవ్వింది. ఆట కొంది. ఆ ఇద్దరిలో ఎవరినీ వదులుకోవద్దని మేనేజరుతో మరీ మరీ చెప్పి వెళ్ళింది. మేనేజరు ఆవిడని మెట్ల కింది దాకా సాగనంపడానికి పరిగెత్తాడు.

గడగడమ్మ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీకు మొదట్నుంచీ తెలుసా సార్?"

"చెట్టు కట్టేది నేనే కదమ్మా. చదవకుండా ఎలా కడతాను?"

"మరి నన్ను పిలిచి నాలుగు చీవాట్లు పెట్టలేదేం?"

"మీరే చెప్తారని ఆగాను."

ఆమె తల వంచుకుంది. ఈసారి ఆయనే మళ్ళీ మాట్లాడారు. "కొంతమందికి మాట ఆలస్యంగా వస్తుందమ్మా. వాళ్ళు నోరు తెరిచేలోపు అవతలివాళ్ళు ఇంకో ప్రశ్నకి వెళ్ళిపోతారు. చిన్నప్పటి నుంచీ నా పరిస్థితి కూడా అదే. కనీసం ఆటలోనైనా ఎవరో ఒకరు ఆగాలి కదా అని."

"నేను ఎప్పటికీ చెప్పకపోతే ఏం చేసేవారు?"

ఆగుదాం గారు చాలాసేపు ఆలోచించారు. గడగడమ్మ ఆగింది. నాలుక చివరిదాకా ఏవేవో వచ్చినా, పెదవి బిగబట్టి ఆగింది.

"ఏముందమ్మా, రాస్తూ ఉండేవాణ్ణి" అన్నారాయన.

"ఇకనుంచి నేనే రాస్తాను సార్. ఒక్కొక్కరికీ సరిగ్గా రాస్తాను."

"మంచిది. కానీ చిలకవి మాత్రం నామీదే రాయండి," అన్నారు ఆగుదాం గారు నల్లతెర వైపు తిరుగుతూ. "అవి మీకు బాగా వస్తున్నాయి."